డబ్బా తెచ్చారా?

పెళ్ళి భోజనాల దగ్గర నా పక్కన కూర్చున్నవాళ్ళు తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "క్యాజువాలిటీలో అంట కదా, ఎలాంటి కేసులొస్తాయి?" గుత్తివంకాయ కలుపుకుంటూ అడుగుతారు. "అన్నీ వస్తాయి పిన్నీ, ముందు పెరుగు వేయించుకోండి" అని తప్పించుకుంటాను. ఇక్కడ ఎవరి విస్తరీ పాడవదు కాబట్టి రాస్తున్నాను.

పల్నాడు వైపు ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుని. ఊరి పేరు రాయను. ఎందుకో చివరిదాకా చదివితే తెలుస్తుంది. క్యాజువాలిటీలో, అంటే అత్యవసర విభాగంలో, నాకు ఇది పన్నెండో ఏడు. ఇన్నేళ్ళలో నా నోటి నుంచి ఎక్కువసార్లు వచ్చిన మాట ఏదని లెక్క తీస్తే "డబ్బా తెచ్చారా?" అన్నదే వస్తుంది. మా వైపు పత్తి, మిరప. ప్రతి ఇంట్లో పురుగుమందు ఉంటుంది. కొన్ని ఇళ్ళలో మంచం కిందే ఉంటుంది.

మొన్న అక్టోబరులో ఒక నైట్. పదకొండు దాటింది. ఆటోలో ఒకతన్ని తెచ్చారు, ముప్పై, ముప్పై రెండేళ్ళు ఉంటాయి. కూడా నలుగురు.

"ఏమైంది?"

"బజ్జీలు పడలేదమ్మా. సెంటర్లో తిన్నాడు."

నోట్లోంచి నురగ కారుతోంది. చెమటకి బనీను ఒంటికి అతుక్కుపోయింది. కంట్లో లైటు వేసి చూస్తే కంటిపాప సూదిమొనంత. ఛాతీ మీద చెయ్యి పెడితే లోపల గురగురమంటోంది. దగ్గరికి వంగేసరికి ఆ వాసన. పత్తి చేలకు మందు కొట్టే రోజుల్లో బస్సు కిటికీ పక్కన కూర్చున్నవాళ్ళకు కూడా తెలిసిన వాసనే. బజ్జీలు తింటే కంటిపాపలు అలా అయిపోవు.

"డబ్బా తెచ్చారా?"

"ఏం డబ్బా సిస్టరమ్మా? చెప్తున్నాంగా, బజ్జీలని."

ఇక్కడ గట్టిగా అడిగితే పని జరగదని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మొదట్లో అరిచేదాన్ని. అరిస్తే నలుగురూ ఒకటైపోయి అదే అబద్ధాన్ని ఇంకా గట్టిగా చెప్తారు. ఇప్పుడైతే ఆ నలుగురిలో ఎవరు మాట్లాడటం లేదో చూస్తాను. ఆ రోజు మాట్లాడనిది అతని చెల్లెలు, గోడకు ఆనుకుని నిలబడింది. "అమ్మా, ఈ చీటీ పట్టుకుని నాతో రా" అని మందుల గది దాకా తీసుకెళ్ళి, తలుపు వేసి, "ఏ మందో తెలిస్తే ఏ ఇంజెక్షనో తెలుస్తుంది. అంతే. నేనేం రాసుకోను" అన్నాను. పిల్ల ఏడుస్తూ ఫోను తీసింది. డబ్బా ఫొటో ఉంది. తియ్యమని ఆటో డ్రైవరే చెప్పాడట. ఆ డ్రైవరెవరో గానీ సగం నర్సింగు చదివినట్టే.

వాళ్ళు ఎందుకు దాస్తారో నాకు తెలుసు. క్యాజువాలిటీ గుమ్మం పక్కనే అవుట్‌పోస్టు కానిస్టేబుల్ కూర్చుని ఉంటాడు, చేతిలో ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు, అంటే పోలీసులకు తెలపాల్సిన కేసు) కాగితాలు. పోలీసు కేసవుతుంది, జైల్లో వేస్తారు అని భయం. వచ్చిన ప్రతి ఇంటికీ చెప్పేది ఇక్కడా చెప్తాను. చావబోయినందుకు శిక్ష వేసే 309 సెక్షన్ ఒకటి పాత శిక్షాస్మృతిలో (ఐపీసీ) ఉండేది. 2017లో వచ్చిన మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షను, అలా చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే అనుకోవాలి, కేసు పెట్టి శిక్షించకూడదు అంది. ఐపీసీ బదులు 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆ పాత సెక్షన్‌ను తీసేశారు. ఎంఎల్‌సీ రాస్తారు, కానిస్టేబుల్ వచ్చి అడుగుతాడు, నిజమే. దానికీ జైలుకీ సంబంధం లేదు. ఈ ముక్క చెప్పడానికి నాకు అర నిమిషం పడుతుంది. దాచినందుకు మాకు పోయే టైము అంతకంటే చాలా ఎక్కువ.

ఇలాంటి పురుగుమందుకు విరుగుడుగా అట్రోపిన్ ఇవ్వాలి. మాకు వచ్చే ఆంప్యూల్‌లో, అంటే చిన్న గాజు బుడ్డిలో, ఉండేది 0.6 మిల్లీగ్రాములు. డాక్టర్ గారు 3 మిల్లీగ్రాములతో మొదలుపెట్టమన్నారంటే అయిదు ఆంప్యూళ్ళు. అయిదు నిమిషాలకు ఛాతీ విని, తగ్గలేదంటే రెట్టింపు, అంటే పది. మళ్ళీ అయిదు నిమిషాలకు ఇరవై. పదిహేను నిమిషాలు తిరగకముందే ముప్పై అయిదు ఆంప్యూళ్ళ మెడలు విరవాలి. గాజు గీరుకుని బొటనవేలు తెగుతుంది. తెగిన వేలితోనే తర్వాతది విరుస్తాం. ఆ రాత్రి మా ఎంఎన్ఓ (వార్డులో సాయం చేసే మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అన్న విరుస్తుంటే నేను లాగుతున్నా. కొత్తగా వచ్చిన సిస్టర్ అతని బట్టలు కత్తిరించి, ఒళ్ళు సబ్బుతో కడుగుతోంది. బట్టల్లో ఉన్న మందు కూడా చర్మం గుండా లోపలికి పోతూనే ఉంటుంది. గ్లౌజులు లేకుండా తాకితే మనకూ తలనొప్పే. నాకు రెండుసార్లు వచ్చింది.

కొత్త సిస్టర్లు ప్రతిసారీ అడిగే ప్రశ్న: "అక్కా, కంటిపాపలు పెద్దవయ్యాయి, ఇక ఆపేద్దామా?" కంటిపాపను చూసి ఆపకూడదమ్మా. ఛాతీ విను. లోపల నీళ్ళ చప్పుడు పోవాలి, నాడి 80 దాటాలి, పైబీపీ 80కి తగ్గకూడదు, చంకలో చెయ్యి పెడితే పొడిగా తగలాలి. అప్పుడు డ్రిప్‌లోకి మారుస్తారు. అట్రోపిన్ మరీ ఎక్కువైతే మనిషికి ఒళ్ళు కాలిపోతుంది, గాల్లో ఏవో ఏరుకుంటుంటాడు, లేనివాళ్ళతో మాట్లాడతాడు. బయట బంధువులు "గాలి సోకింది, తాయెత్తు కట్టించాలి" అంటారు. కట్టించుకోమంటాను. కాన్యులా (మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) ఉన్న చేతికి మాత్రం వద్దంటాను.

అతను బతికాడు. ఆరో రోజు లేచి కూర్చుని ఇడ్లీ తిన్నాడు. డిశ్చార్జి రోజు చీటీ వెనక టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416 రాసిచ్చాను. ఫోన్ చేశాడో లేదో తెలియదు.

గడ్డిమందు సంగతి వేరు. రాయాలంటే చెయ్యి రావడం లేదు గానీ, రాయకుండా ఉంటే ఈ పోస్టుకు అర్థం లేదు.

మా వైపు కలుపుకు కొట్టే దేన్నయినా గడ్డిమందే అంటారు. అందులో పారాక్వాట్ ఉందా, ఇంకేదైనానా అన్నది డబ్బా చూస్తేనే తెలుస్తుంది. అందుకే అంతలా అడుగుతాను. పారాక్వాట్‌కు విరుగుడు లేదు. పైగా క్యాజువాలిటీలో మా చేతికి అలవాటైన మొదటి పని, మాస్కు తగిలించి ఆక్సిజన్ తిప్పడం, అక్కడ ఎదురు తిరుగుతుంది. ఆ మందు ఊపిరితిత్తుల్లో చేరి ఆక్సిజన్‌తో కలిసే నాశనం చేస్తుంది. ఒంట్లో ఆక్సిజన్ మరీ పడిపోతే తప్ప మాస్కు పెట్టకూడదు.

రెండేళ్ళ కిందట ఒక ఇంటర్ కుర్రాడు. ఏం తాగాడో తెలిసేలోపే కొత్త సిస్టర్ మాస్కు పెట్టింది. ఇరవై నిమిషాలకు మామయ్య డబ్బా పట్టుకొచ్చాడు. నేను చదివి, వెళ్ళి మాస్కు తీసేశాను. వాళ్ళ నాన్న నా చెయ్యి పట్టుకున్నాడు. "గాలి ఎందుకు తీసేస్తున్నావ్? చంపేద్దామనా?" ఏం చెప్పాలి? గాలే వాడికి విషం అని కన్నతండ్రికి చెప్పి ఒప్పించడం ఎలా? డాక్టర్ గారు వచ్చి చెప్పినా ఆయనకు ఎక్కలేదు. నన్నొక తోపు తోశాడు, స్టాండుకు తగిలి సెలైన్ బాటిల్ కిందపడింది. మా గోడ మీద 2008 నాటి చట్టం బోర్డు ఉంది, ఆసుపత్రి సిబ్బంది మీద దాడి చేస్తే శిక్ష అని. ఆ బోర్డు కిందే జరిగింది. కేసు పెడతావా అని అడిగారు. పెట్టలేదు.

కుర్రాడు మాత్రం బాగానే మాట్లాడుతున్నాడు. ఈ మందు చేసే మోసం అదే. మొదటి రోజు మనిషి కూర్చుంటాడు, నవ్వుతాడు, చేసినదానికి ఏడుస్తాడు. నోట్లో పుళ్ళు, తర్వాత కిడ్నీలు, ఆ తర్వాత ఊపిరి. "సిస్టర్, ఎల్లుండి ప్రాక్టికల్స్ ఉన్నాయి, రేపు పంపించేస్తారా?" అని అడిగాడు. పెద్దాసుపత్రికి పంపుతున్నామని మాత్రం చెప్పాను. 108 ఎక్కేటప్పుడు చెప్పులు మర్చిపోయాడు. అవి మా స్ట్రెచర్ గదిలో నెలన్నర ఉన్నాయి. రిఫరల్ రిజిస్టర్లో ఫోన్ నంబర్ ఉంది. చెయ్యలేదు.

డబ్బాల్లో వచ్చేవి మందులే కాదు, పాములూ వస్తాయి. బతికున్న పామును ప్లాస్టిక్ నూనె డబ్బాలో వేసి, మూతకు చిల్లులు పెట్టి, "చూసి చెప్పండి" అని నా బల్ల మీద పెట్టిన మహానుభావులున్నారు. దయచేసి తేకండి. దూరం నుంచి ఫొటో తీయగలిగితే చాలు, తీయలేకపోయినా ఫరవాలేదు. పాము విషానికి మన దగ్గర ఉన్న విరుగుడు ఇంజెక్షన్ ఒకటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, పింజరి జాతిలోనే చిన్నది ఇంకొకటి, ఈ నాలుగింటికీ కలిపి చేసిందది. తాడు బిగించి కట్టకండి, బ్లేడుతో కోయకండి, కాలు కదపకుండా తీసుకురండి.

పాము కేసులో మా దగ్గర అన్నిటికన్నా విలువైన పరీక్షకు మిషను అక్కర్లేదు. పొడి గాజు ట్యూబులో రెండు ఎంఎల్ రక్తం పోసి, ఇరవై నిమిషాలు కదపకుండా పెట్టి, ఒకసారి వంచి చూడటం. గడ్డ కట్టకుండా నీళ్ళలా కారితే పింజరి విషం ఎక్కినట్టే. ట్యూబు గాజుదే అయ్యుండాలి, కొత్తదై ఉండాలి. ఒకసారి మా దగ్గర సబ్బుతో కడిగిన ట్యూబు వాడారు. సబ్బు తగిలిన గాజులో మంచి రక్తం కూడా గడ్డ కట్టకపోవచ్చు. కాలి మీద గాటు, వాపు ఏమీ లేవు, ట్యూబులో మాత్రం నీళ్ళు. అనుమానం వచ్చి, పక్కన నిలబడ్డ మా ఎంఎన్ఓ అన్న రక్తం అదే సబ్బు ట్యూబులో పోసి చూశాం. అదీ గడ్డ కట్టలేదు. "నన్ను కూడా కరిచిందన్నమాట" అన్నాడు. అప్పటినుంచి కొత్త ట్యూబులు విడిగా డ్రాయర్లో పెడుతున్నాను.

కట్లపాముకు ఆ పరీక్షలో ఏమీ కనిపించదు. నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కరుస్తుంది, గాటు కూడా సరిగ్గా ఉండదు. తెల్లవారుజామున కడుపునొప్పి అని వస్తారు. గ్యాస్ ఇంజెక్షన్ చేసి పంపేస్తే అయిపోయినట్టే. ఆ టైములో కడుపునొప్పి అంటే నేను అడిగే మొదటి ప్రశ్న "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" తర్వాత "పైకి చూడండి" అంటాను. రెప్పలు లేవకపోతే డాక్టర్ గారి కోసం పరిగెత్తడమే.

ఆ విరుగుడు ఇంజెక్షన్ మొదలుపెట్టాలంటే పది వయల్స్. పొడిగా ఉంటుంది, ఒక్కో దాంట్లో పది ఎంఎల్ నీళ్ళు పోసి కరగనివ్వాలి. గబగబా ఊపితే నురగ వచ్చేస్తుంది, అరచేతుల మధ్య మెల్లగా తిప్పాలి. బయట నుంచి చూసేవాళ్ళకు ఇద్దరు సిస్టర్లు తీరిగ్గా సీసాలు దొర్లించుకుంటున్నట్టు ఉంటుంది. "మనిషి పోతుంటే ఆటలేంటి?" అన్నారు ఒకసారి. ఆ పొడిలో, పాము విషం కొద్దికొద్దిగా ఎక్కించిన గుర్రం రక్తం నుంచి తీసిన సారం ఉంది, దానికి కావలసిన విషం చాలావరకు తమిళనాడులో ఇరుళ గిరిజనుల సహకార సంఘం పట్టిన పాముల నుంచి వస్తుంది. ఇంత దూరం నుంచి వచ్చినదాన్ని నురగ చేసి పారబోయలేను కదా. పక్కనే అడ్రినలిన్ సిరంజిలో లాగి పెట్టుకుంటాం, ఒళ్ళంతా దద్దుర్లొచ్చి బీపీ పడిపోవచ్చు కాబట్టి.

ఇక కార్తీకమాసం. ఇది క్యాజువాలిటీలో పనిచేసేవాళ్ళకే తెలిసిన సీజను. సోమవారం సాయంత్రం ఒక పెద్దాయన్ను మంచంతో సహా తెచ్చారు. ఎడమ చెయ్యి, కాలు లేవడం లేదు, మాట లేదు. "పక్షవాతం వచ్చింది, పావురం రక్తం రాయించి తెచ్చాం" అన్నారు. భుజం మీద ఎండిన రక్తం నిజంగానే ఉంది. వేలు పొడిచి షుగర్ చూస్తే 34కి పడిపోయి ఉంది. ఉపవాసం, కానీ షుగర్ మాత్ర మాత్రం మానలేదు, భక్తిగా వేసుకున్నాడు. డాక్టర్ గారు చెప్పిన 25 శాతం డెక్స్‌ట్రోజ్ నరంలోకి పోతుండగానే కళ్ళు తెరిచి, ఎడమ చేత్తోనే నా చెయ్యి తోసేసి, "టీ ఉందా?" అన్నాడు. ఇంటిల్లిపాదీ నాకు దణ్ణం పెట్టారు. ఈ ఉద్యోగంలో ఇంత తేలిగ్గా దేవతవి అయిపోయే సందర్భం ఇంకొకటి లేదు.

గొడవ ఆ తర్వాతే. లేచాడుగా, తీసుకెళ్ళిపోతామన్నారు. మాత్రల కవరు తెచ్చారా అంటే తెచ్చారు, అందులో గ్లిమెపిరైడ్ ఉంది. ఆ మాత్ర ఒంట్లో ఉన్నంతసేపూ షుగర్ మళ్ళీ పడిపోతుంది, నా సూదిమందు అరగంట ముచ్చటే. తెల్లారేదాకా గంటగంటకూ వేలు పొడిచాను. రెండుసార్లు మళ్ళీ 60 లోపుకొచ్చింది. "ఉపవాసం ఉండండి తాతగారూ, కానీ ఆ రోజు మాత్ర సంగతి ముందు డాక్టర్ని అడగండి" అన్నాను. "శివుడు చూసుకుంటాడమ్మా" అన్నాడు. చూసుకున్నాడు, నా చేత.

కుక్క కాట్ల గురించి రెండు మాటలు. కారం, సున్నం, పసుపు, కాఫీపొడి వద్దు. పంపు కింద పెట్టి సబ్బుతో పదిహేను నిమిషాలు కడగండి, గడియారం చూసి. మా దగ్గర చర్మంలోకి వేసే టీకా 0, 3, 7, 28 రోజుల్లో. 28వ రోజుకు సగం మంది రారు. గుండెనొప్పి గురించి ఒకటే. చెమటలు పట్టి దవడ లాగుతుంటే సోడా తాగి చూద్దాం అనుకోకండి, ఈసీజీ తీయించుకోండి. ఇక "ఒక సెలైన్ పెట్టండి సిస్టర్, నీరసంగా ఉంది" అనేవాళ్ళతో వాదించడం నేను ఎప్పుడో మానేశాను.

ఇప్పుడు నా డబ్బా సంగతి.

నాలుగేళ్ళ కిందట, నైట్, తెల్లవారుజామున నాలుగున్నర. పదకొండు మంది పేషెంట్లు, ఇద్దరం సిస్టర్లం. ఒకామె కాన్యులా ఆగిపోయింది, ఫ్లష్ చేద్దామని, అంటే నీళ్ళు తోసి తెరుద్దామని, ర్యాకులోంచి పది ఎంఎల్ నీళ్ళ ఆంప్యూల్ తీసి, అయిదు ఎంఎల్ లాగాను. కాన్యులా మూత తీశాను. అప్పుడు ఎంఎన్ఓ అన్న, చేతిలో ఖాళీ ఆంప్యూల్ పట్టుకుని, "సిస్టర్, దీని మీద అక్షరాలు ఎర్రగా ఉన్నాయేంటి?" అన్నాడు.

పొటాషియం క్లోరైడ్. నీళ్ళ ఆంప్యూళ్ళ పక్క డబ్బా. రెండూ తెల్లటి ప్లాస్టిక్కే, రెండూ పది ఎంఎల్లే. పెద్ద బాటిల్లో కలిపి గంటల తరబడి మెల్లగా ఎక్కించాల్సిన మందు అది. సిరంజితో నేరుగా నరంలోకి తోస్తే గుండె ఆగిపోతుంది.

సిరంజి సింకులో ఖాళీ చేశాను. ఆంప్యూల్ చెత్త బుట్టలో అడుక్కి తోశాను. వేరే ఆంప్యూల్ తీసి, మూడుసార్లు చదివి, ఫ్లష్ చేశాను. ఆమె నిద్రలోనే "థాంక్సమ్మా" అంది. రిజిస్టర్లో ఏమీ రాయలేదు. హ్యాండోవర్‌లో, అంటే డ్యూటీ అప్పగించేటప్పుడు, ఏమీ చెప్పలేదు. ఎంఎన్ఓ అన్న నా మొహం చూసి, "నేనేం చూడలేదు సిస్టర్" అన్నాడు. ఇంటికెళ్ళి స్నానం చేస్తూ బకెట్ పక్కన కూలబడ్డాను. మా ఆయనకు కూడా చెప్పలేదు.

రెండు నెలలకు ఈవినింగ్ డ్యూటీలో ఇంకో సిస్టర్ చేతిలో అదే జరగబోయింది. ఆమె కూడా ఆఖరి క్షణంలో చూసుకుంది. ఆమె మాత్రం ఏడ్చుకుంటూ వెళ్ళి హెడ్ నర్సుకు చెప్పేసింది. అప్పుడు నేనూ చెప్పాను. "రెండు నెలల నుంచి నోరెందుకు మూసుకున్నావ్?" అని అడిగారు మేడమ్. మెమో ఇస్తారని భయపడ్డాను అన్నాను. అన్నాక నాకే వినిపించింది ఆ గొంతు. బజ్జీలు పడలేదమ్మా అనే గొంతే అది.

ఇద్దరికీ మెమో ఇచ్చారు. ముందు చెప్పినందుకు ఆమెకు తగ్గిందేమీ లేదు, దాచినందుకు నాకు పెరిగిందేమీ లేదు. ఆ మెమో చూసిన కొత్త పిల్లలు ఏం నేర్చుకుని ఉంటారో నాకు తెలుసు.

పొటాషియం డబ్బాకు ఎర్ర టేపు చుట్టి, ఎదుటి అల్మారాలో కింద అరలో, తాళం వేసి పెట్టాను. ఇన్‌స్పెక్షన్ వచ్చినప్పుడల్లా ర్యాకు నిండుగా, వరసగా కనపడాలని ఎవరో దాన్ని తీసి మళ్ళీ పాత చోటే సర్దుతారు. ఎవరన్నది తెలుసు, గొడవ పడ్డాను కూడా. ఇప్పుడు నైట్‌కి వచ్చి హ్యాండోవర్ తీసుకోకముందే ఆ ర్యాకు చూడటం అలవాటైపోయింది. గురువారం ఇన్‌స్పెక్షన్ అయింది. రాత్రి వెళ్ళి చూస్తే నీళ్ళ పక్కనే ఉంది, ఎర్ర టేపు కూడా పీకేశారు. తీసి అల్మారాలో పెట్టాను. టేపు అయిపోయింది, వచ్చే డ్యూటీకి కొనుక్కెళ్ళాలి.